గోడకు మిగిలిన నీలమ్మ

నిలబడుడు నాకు బాగా వచ్చు. బడిలో నిలబడ్డ, బోరింగు కాడ నిలబడ్డ, ఇంటికి చుట్టాలొస్తే తలుపు వెనుక నిలబడ్డ, ఇయ్యాల శాలిబండలో మా చిన్నమ్మ వాళ్ళ గల్లీలో, సుల్తానా ఖాలా ఇంటి పచ్చగోడకు ఆనుకొని కరెంటు కోసం నిలబడ్డ. ఎదురుగా చిన్నమ్మ ఇంటి మేడగది కిటికీ, కిటికీలో కెమెరా, కెమెరా వెనుక కంప్యూటరు, కంప్యూటరు ముందు ఆ గదిని కిరాయికి తీసుకున్న వేణుమాధవ్ సారు, ఆయన కాడ పనిచేసే సోనీ, జోయెల్. కరెంటు రాంగనే జోయెల్ కిటికీలోంచి ఎర్ర తువ్వాల ఊపుతడు. ఊపితే నేను ఇక్కడి నుంచి నల్లా దాకా నడవాలె, నల్లా కాడ ఆగి చెయ్యెత్తాలె, అక్కడి నుంచి గల్లీ మూల దాకా ఉరకాలె. నడుస్త. చెయ్యి కూడ ఏదో ఒకలాగ ఎత్తుత. ఉరుకుడే. ఆ మాట తలుచుకుంటేనే మోకాళ్ళల్లో చీమలు పాకినట్టయితున్నది. భయమో సంతోషమో తెలుస్తలేదు, రెండూ ఒక్క తీరుగనే పాకుతయేమో, రాత్రి డైరీలో రాయాలె.

గల్లీ మొత్తం ఖాళీ. శుక్రవారం నమాజు వేళ కాబట్టి ఖాళీ. మామూలు దినాల్లో ఇక్కడ నిలబడితే సైకిలో, తోపుడుబండో, ఆటోనో ఎవరో ఒకరు జరుగు జరుగు అంటనే ఉంటరు. ఇప్పుడు లక్కగాజుల కార్ఖానా తలుపు మూసి ఉన్నది, పొయ్యి మీద లక్క వాసన మాత్రం బయటికొచ్చి గల్లీలో తిరుగుతున్నది, తియ్యగ, కొంచెం మాడినట్టు. మూలమీది మసీదు మైకులో మౌల్వీ సాబ్ ప్రసంగం వినబడుతున్నది. మసీదు మైకుకు బ్యాటరీ ఉన్నది, మా సారు కంప్యూటరుకు లేదు. ఉన్న ఒక్క బ్యాటరీ డబ్బా కరెంటు పోంగనే కోడిపిల్ల లెక్క కియ్యి కియ్యిమని అరిచి సల్లబడ్డది. ప్రసంగం అయిపోతది, నమాజు అయిపోతది, అంతమంది మొగోళ్ళు ఒక్కసారి ఈ గల్లీలకు వస్తరు. అప్పటిదాకా కరెంటు రాకుంటే? ఎవరూ ఉండరన్నరు కాబట్టే ఉరుకుతనన్న. నేను నోరు తెరిచి ఊఁ అన్నదే ఆ ఒక్క మాట మీద. రా కరెంటూ, రా తల్లీ, మా ఊరి లైన్‌మన్‌కు మొక్కినట్టు మొక్కుతున్న, రా.

నాకు ఆ నాలుగో కుర్చీ కావాలె. మేడగదిలో నాలుగు కుర్చీలున్నయి, మూడింట్లో మనుషులు కూసుంటరు, నాలుగోదాంట్లో సారు సంచి కూసుంటది. నేను ఇక్కడికొచ్చిన పదో దినానికో పదకొండో దినానికో, లెక్క యాదిలేదు, చాయ్ గ్లాసులు పట్టుకొని పోయినప్పుడు ఆ సంచిని చూసి కుళ్ళుకున్న. సంచి ఏం చేస్తదని దానికి కుర్చీ? ఆ గదిలో చేసే పని నాకు నిద్రలో కూడ కండ్లల్ల కదులుతది. గల్లీ వీడియోను కొంచెం కొంచెంగ ఆడిస్తరు. సోనీ తెర మీద చూసుకుంట గట్టిగ చెప్తది, బస్సులో కండక్టరు స్టాపులు చెప్పినట్టు, "నడక... నడక... ఆగిండు... వంగిండు... లేచిండు... నడక!" జోయెల్ తల ఎత్తకుండ మీటలు కొడుతడు. ఒకరు చూసి చెప్పాలె, ఒకరు కొట్టాలె, తల దించి కొట్టేటోనికి చెవులే దిక్కు. గట్ల చెప్పి చెప్పి కంప్యూటరుకు నేర్పుతరు, ఇది నడుచుడు, ఇది కూసునుడు, ఇది పడిపోవుడు అని. చిన్నపిల్లకు నేర్పినట్టే. తలుపు కాడ గ్లాసులు పట్టుకొని నిలబడి నేను కూడ చెప్పేదాన్ని, పెదవులు కదలకుండ, లోపలే. సోనీ కంటే ముందే చెప్పేదాన్ని. ఒకరోజు సారు నన్ను చూసిండు. "ఏమ్మా, నీకూ చేయాలని ఉందా?" అన్నడు. గుంటూరు దిక్కు మాట, మెత్తగ ఉంటది. నేను తల ఊపిన. "తల ఊపితే జోయెల్‌కి వినిపించదు కదమ్మా. ఈ పనికి గొంతు కావాలి" అన్నడు. నవ్వుకుంటనే అన్నడు. నేను ఖాళీ గ్లాసులు ఏరుకొని మెట్లు దిగిన.

గొంతు. నా గొంతు ఎక్కడున్నదో నాకే తెల్వదు. ఎనిమిదో తరగతిలో ప్రహ్లాద్ సారు హాజరు పిలిచేటోడు, నీలమ్మ అనంగనే నేను ప్రెజెంట్ సార్ అంటుంటి, పక్కనున్న పిల్లకు కూడ వినబడకపోయేది. "నీలమ్మ ఇయ్యాల గూడ రాలేదా?" అని సారు నా దిక్కే చూసుకుంట అడిగేటోడు. నేను బెంచీ మీద కూసొని గైర్హాజరు అయిన. ఏడాది చివర బాపును పిలిపించి మీ బిడ్డ బడికి వస్తలేదన్నరు. బాపు నెత్తికి రుమాలు చుట్టుకుంట, "రోజూ సద్ది కట్టుకొని వస్తది గదా సారూ, ఆ సద్ది ఎవరు తింటున్నరు మరి?" అని అడిగిండు. ఆఫీసు గదిలో అందరూ నవ్విండ్రు. బాపు కూడ నవ్విండు. ఆదివారం బాపు వస్తున్నడు. ఎండకాలం సెలవులకు చిన్నమ్మ ఇంట్లో ఉండి రమ్మన్నడు, సెలవులు అయిపోయినయి. ఏదన్న నేర్చుకునే పని దొరికితే ఇక్కడే ఉండి డిగ్రీ చదువుకోమంటడు, లేకుంటే సంచి సర్దుకోమంటడు. నాకు సంచి సర్దుకొనుడు ఇష్టం లేదు. సంచి ఉన్న కుర్చీ ఇష్టం.

మౌల్వీ సాబ్ గొంతు పెరిగింది. పిట్టగోడ మీద పావురాలు జరిగి కూసున్నయి. ఇప్పుడు కంప్యూటరు నడుస్తుంటే ఆ పావురాలకు కూడ డబ్బా గీస్తుండె. దాని తీరు గట్లుంటది. పొద్దున అయినా, కరెంటు పోయొచ్చినా, లేవంగనే ముందు ఖాళీ గల్లీని చూసి కంఠతా పడుతది, గోడ, స్తంభం, నల్లా, అరుగు, ఎక్కడివక్కడ. తర్వాత కంఠతా పట్టినదాంట్లో లేనిది ఏది కనబడ్డా దాని చుట్టూ పచ్చగీతతో డబ్బా గీసి, కదిలే తీరును బట్టి పేరు పెడుతది. ఎంతసేపటికీ కదలనిదాన్ని మాత్రం గోడలో కలిపేసుకొని మర్చిపోతది. ఖాలా మేక బాద్షా అరుగు మీద పండుకుంటే దాని డబ్బా మెల్లగ మాయమైతది. అది లేచి నడిస్తే మాత్రం "వంగిన మనిషి" అని రాస్తది. ఆ మాట ఖాలాకు చెప్తే మేకను దగ్గరికి తీసుకొని, "సునా బాద్షా? ఆద్మీ బోల్రై తేరే కో" అని, నిన్ను మనిషంటున్నదిరా అన్నట్టు, దాని నెత్తి మీద ముద్దు పెట్టుకున్నది. ఇంకోసారి ఖాలా ఇంటాయన, ముసలాయన, కాళ్ళనొప్పులకు మసీదు దాకా పోలేక అరుగు మీదనే నమాజు చేస్తుంటే, నుదురు నేలకు ఆనించే సజ్దాకు వంగంగనే కంప్యూటరు "పడిపోయారు" అని ఎర్రగ అరిచింది. అసలు సారు ఇదంతా చేసేదే దానికోసం, ఇంట్లో ఒంటరిగ ఉన్న ముసలోళ్ళు పడిపోతే కంప్యూటరు చూసి ఎవరినన్న పిలవాలని. జోయెల్ మెట్లన్నీ దుంకి, చెప్పుల్లేకుండ గల్లీ దాటి అరుగు కాడికి ఉరికిండు. చూస్తే ఆయన మంచిగ నమాజులో ఉన్నడు. మధ్యలో పిలవరాదు, వదిలి పోరాదు, జోయెల్ చేతులు కట్టుకొని అయిపోయేదాకా నిలబడ్డడు. అయినంక ముసలాయన తిరిగి చూసి, "క్యా మియా, తుమ్ కబ్ సే?" అని, ఎప్పటి నుంచి నిలబడ్డవని అడిగి, సంగతి తెలిసి కండ్లనీళ్ళొచ్చేదాకా నవ్వి, జోయెల్‌కు గుప్పెడు ఖర్జూరాలు పెట్టిండు. ఆ తర్వాత సారు ఆయన్నే బతిమాలి ఎన్నోసార్లు కెమెరా ముందర నమాజు చేయించుకున్నడు. ఇప్పుడు కంప్యూటరుకు పడుడు వేరు, దేవునికి వంగుడు వేరు అని తెలుసు. నాకు ఎంత సంతోషమైందో ఆ రోజు. మనుషులకే తెల్వకపోతుండె కొన్నిసార్లు, దానికి తెలిసింది.

ఆడపిల్ల ఉరుకుడు మాత్రం దానికి తెల్వదు. ఎందుకంటే చూడలేదు. ఈ గల్లీలో పోరగాళ్ళు ఉరుకుతరు, పతంగుల వెంబడి, క్రికెట్ బంతి వెంబడి, బాద్షా వెంబడి. ఆడోళ్ళు నడుస్తరు. తొందరుంటే తొందరగ నడుస్తరు. సోనీ ఉరికింది కానీ చున్నీ రెపరెపలాడి, కంప్యూటరు ఆమెకొక డబ్బా చున్నీకొక డబ్బా గీసి ఇద్దరు మనుషులు అన్నది. మళ్ళీ ఉరకాలంటే నిన్న మెట్ల మీద మడిమ బెణికి కుంటుతున్నది. "ఏయ్ నీలమ్మ, నువ్వు ఉరుకు పో. ఊర్ల పిల్లలు మస్తు ఉరుకుతరట గదా" అన్నది సోనీ. రేపు సారు ఇదంతా కాలేజీల పెద్దోళ్ళకు చూపించాలె, ఆడపిల్ల ఉరుకుడు లేకుంటే సగం మంది మనుషుల సంగతి తెల్వని కంప్యూటరని అంటరట. సారు నా దిక్కు చూసిండు, సోనీ చూసింది, జోయెల్ మీటలు వదిలి చూసిండు. నేను ఊఁ అన్న. వినబడ్డది. ఆశ్చర్యం, ముగ్గురికీ వినబడ్డది. చిన్నమ్మ నా చున్నీని వరి నాటుకు పోయేటప్పుడు కట్టుకున్నట్టు అడ్డంగ వేసి నడుముకు ముడేసింది. "గట్టిగ ఉరుకు, కానీ పడకు. పడితే మీ బాపుకు నేనేం జవాబు చెప్పాలె?" అన్నది.

ఉరికిన యాది ఒక్కటే ఉన్నది, పెద్దమనిషినైనంక. అప్పటికి నాయినమ్మ చెప్పే ఉన్నది, ఇంక నీ అడుగుల చప్పుడు నాకు వినబడొద్దని. ఆ పొద్దున దూడ పలుపు తెంపుకొని పల్లిచేన్లో పడ్డది. ఎవరూ లేరు. నేను ఉరికిన. ముందు చెప్పులు పోయినయి, తర్వాత జడ ఊడింది, తర్వాత సిగ్గు ఎక్కడ పడ్డదో చూసుకోలేదు. గట్ల మీద, మళ్ళల్ల, మంచు తడి మట్టిలో, దూడ అటు నేను అటు, దూడ ఇటు నేను ఇటు, నవ్వుతున్నది దూడనా నేనా తెల్వలేదు. పట్టుకొని వస్తుంటే ఒడ్డు మీద బాపు నిలబడి ఉన్నడు. తిడతడనుకున్న. దూడ మెడలో పలుపు ముడేసుకుంట, "గాలి లెక్క ఉరికినవు బిడ్డా" అన్నడు. అంతే అన్నడు. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఆ ఉరుకుడు ఒంట్లో ఎక్కడో దాచిపెట్టుకున్న, పండుగ బట్ట పెట్టెలో పెట్టినట్టు. ఇయ్యాల తియ్యాలె. చిమ్మటలు కొట్టకుండ ఉన్నదో లేదో.

మైకు ఆగింది. ప్రసంగం అయిపోయింది, వరుసలు కడుతున్నట్టున్నరు. ఖాలా తలుపు కొంచెం తెరిచి చూసి ఉలిక్కిపడ్డది. "హాయ్ అల్లా, నువ్వున్నవా ఇక్కడ? దీవార్ మే మిల్ గయీ బేటీ!" అన్నది, గోడల కలిసిపోయిన్నట. నా చూడిదార్ చూసుకున్న. పచ్చది. గోడ కూడ పచ్చది. ఇద్దరం నవ్వినం, నేను శబ్దం లేకుండ, ఖాలా శబ్దంతోని. నవ్వి తలుపు మూసుకున్నది. ఇంతల్నే ఎక్కడో ఒక రేడియో గట్టిగ మోగింది, ఎవరింట్లోనో ఫ్యాను గర్రుమన్నది, కార్ఖానా గుమ్మం మీది బల్బు వెలిగింది. వచ్చింది! మేడగదిలో కుర్చీలు జరిగిన చప్పుడు, సారు గొంతు, "తొందరగా, తొందరగా, జనం వచ్చేస్తారు, ముందు ఖాళీ గల్లీ చూపించు దానికి." జోయెల్ గొంతు, "ఖాళీగనే ఉన్నది సార్." మళ్ళీ ఏం వినబడలేదు. నేను ఊపిరి కూడ మెల్లగ తీసుకున్న. తీసుకుంట తీసుకుంట ఉండంగనే కిటికీలో ఎర్రగ మెరిసింది. తువ్వాల.

గోడ నన్ను వదిలింది. ముందు వీపు చల్లబడ్డది, గోడ వేడి పోయి. నడిచిన. నల్లా దాకా నడిచిన, నల్లా కింద బిందె ఉన్నది, బిందెలో ఆకాశం ఉన్నది, చెయ్యెత్తిన. పూర్తిగ ఎత్తిన, తరగతిలో ఎన్నడూ ఎత్తనంత, చంక కిందికి గాలి తగిలేదాకా. ఇంక ఉరకాలె. కాళ్ళు కదల్లేదు. అప్పుడే గల్లీ మూలమీద తెల్లటోపీలు కనబడ్డయి. ఒకటి, ఇంకొకటి, గుంపు. నమాజు అయిపోయింది. వెనకకు తిరిగి మెట్లెక్కి పోవచ్చు. కరెంటు ఆలస్యమైంది గదా, ఎవరూ ఏమనరు, రేపటికి ఉన్నదే చూపించి, ఉరుకుడు వచ్చే శుక్రవారం చూద్దామంటరు. వచ్చే శుక్రవారానికి నేను ఊర్లో తలుపు వెనుక ఉంట. దూడా, నీ మీద ఒట్టు, అని ఎందుకనుకున్ననో నాకే తెల్వదు, అనుకొని ఉరికిన. అరికాళ్ళ కింద బండలు టపటపమన్నయి, నా అడుగుల చప్పుడు గల్లీ రెండు గోడలకు తగిలి నాకే తిరిగొచ్చింది, నాయినమ్మా విను, విను, లక్క వాసన చీలిపోయింది, పావురాలు ఒక్కసారి లేచినయి, బాద్షా ఎక్కడి నుంచో దుంకి నా వెంబడి పడ్డది. టోపీలవాళ్ళు గోడలకు జరిగి నడుమ దారి ఇచ్చిండ్రు. వాళ్ళల్ల ఒక ముసలాయన చేతికర్ర పైకెత్తి, "భాగ్ బేటీ, భాగ్!" అని ఉరకమన్నడు. ఒక పోరడు, "అరే, ఎవరు తరుముతున్నరే?" అని అరిచిండు. ఇంకొకడు, "బక్రా భాయ్, బక్రా!" అని మేకను చూపించిండు. అందరూ నవ్విండ్రు, నేను కూడ నవ్విన, ఉరుక్కుంట నవ్విన. మూల దాటినంక కూడ ఆగలేదు. ఆగుడు ఎట్లనో మర్చిపోయిన.

తిరిగొచ్చి మెట్లెక్కేసరికి మేడగదిలో మస్తు లొల్లి. సారు తెర మీదికి వంగి ఉన్నడు. "పరుగు! చూడు, పరుగు అంది! ఒక్కటే డబ్బా, చున్నీని కూడా కలుపుకుంది!" అని టేబుల్ మీద చరిచిండు. జోయెల్ నా ముఖం చూసి మళ్ళీ తెర చూసిండు, తెర చూసి మళ్ళీ నా ముఖం చూసిండు. "నువ్వు పైకి వచ్చినవా? మరి కింద ఎవరున్నరు?" అన్నడు. నేను కూడ చూసిన. గల్లీలో జనం, ఒక్కొక్కరికి ఒక్కొక్క డబ్బా, నడక, నడక, నిలబడి మాట్లాడుడు. సుల్తానా ఖాలా పచ్చగోడ కాడ మాత్రం ఎవరూ లేరు. ఎవరూ లేని చోట నా ఎత్తు డబ్బా ఒకటి ఉన్నది. దాని మీద "నిలబడి ఉన్నారు" అని రాసి ఉన్నది. సోనీ మెడలో సిలువ పట్టుకొని, "సార్, దయ్యం" అన్నది. సారు మొదటి నుంచి పెట్టి చూపించిండు. జోయెల్ ఖాళీ గల్లీ అని చూపించిన గల్లీలో, గోడకు ఆనుకొని, పచ్చగ, నేనున్న. ముగ్గురు చూసిండ్రు, ముగ్గురికీ కనబడలేదు. "నిన్ను గోడలో భాగం అనుకుందమ్మా. నిన్ను కలిపి కంఠతా పట్టింది. నువ్వు కదిలి వెళ్ళాక అక్కడ గోడ మారినట్టు కనిపించింది దానికి. ఏదో కొత్తది వచ్చిందనుకుని, ఆ ఖాళీకి డబ్బా గీసింది" అని చెప్పి, సారు కండ్లద్దాలు తీసి తుడుచుకుంట నవ్విండు. జోయెల్ చెవులు పట్టుకొని, "గోడ మస్తు మంచిగున్నదనుకున్న నీలమ్మా, తప్పయింది" అన్నడు. ప్రహ్లాద్ సారు యాదికొచ్చిండు. నాకు కోపం రాలేదు. నవ్వు వచ్చింది, బయటికే వచ్చింది.

"రేపటికి ఇది పోవాలి కదా సార్?" అని సోనీ అడిగింది. సారు, "కాసేపు చూడనిద్దాం. అక్కడ ఏదీ కదలకపోతే అదే గోడ అని నేర్చుకుంటుంది. పోయిందా లేదా చెప్తూ ఉండు, జోయెల్ టైము కొడతాడు" అని సంచి తీసి నేల మీద పెట్టిండు. ఖాళీ కుర్చీ. ఎవరూ కూసో అనలేదు, కూసున్న. చిన్నమ్మ చాయ్, బిస్కెట్లు పంపింది. నేను తెర మీద ఆ డబ్బాను చూసుకుంట కూసున్న. నిలబడి ఉన్నారు. పాపం, ఇంకా నిలబడే ఉన్నది. బోరింగు కాడ, బడిలో, తలుపు వెనుక నా బదులు నిలబడ్డది అదేనేమో. కాళ్ళు నొస్తున్నయేమో. దానికి రారాదా అని చెప్పాలనిపించింది, ఒక్కసారి ఉరికి చూడు, ఏం కాదు, మేక వెంబడి పడుతది అంతే. డబ్బా గీత సన్నబడ్డది. ఒక మూల తెగింది. అక్షరాలు వెలిసిన చీర పువ్వుల లెక్క అయినయి. ఇంక కొంచెం. ఇంక కొంచెం. పోయింది! సోనీ నోటి నిండ బిస్కెట్ ఉన్నది, చెయ్యి ఊపుతున్నది, జోయెల్ తల దించుకొని మీట మీద వేలు పెట్టి, "ఏమున్నది అక్కడ, ఎవరన్న చెప్పుండ్రి, ఏమున్నది?" అంటున్నడు.

"గోడ!" అన్న. "ఉత్త గోడ!"

కిటికీ మీది పావురాలు లేచిపోయినయి. కింద నుంచి చిన్నమ్మ, "ఎవరే గట్ల అరిచింది? సోనీనా?" అన్నది.

"నేను చిన్నమ్మా," అన్న. ఆమెకు వినబడేటట్టే అన్న. "నీలమ్మను!"